నేను తగ్గించిన అర సెకను

మొన్న ఆదివారం పొద్దున శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటుంటే కాలిన బ్రేకుల వాసన వచ్చింది. ఆ వాసన ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. పొయ్యి మీద మరిచిపోయిన ఖాళీ పెనం వాసనకు కాస్త కాలిన వెంట్రుకల వాసన కలిపితే దాదాపు అదే. నేలకు జానెడు ఎత్తున్న నీలం రంగు కారొకటి వచ్చి బండి ముందు ఆగింది. అందులోంచి దిగిన పాతికేళ్ళ యువకుడు, ఎవరూ అడగకముందే, ఇడ్లీలు పెట్టే ఆమెతో తన కారు ఆరు వందల హార్స్‌పవర్ అని చెప్పాడు. ఆమె చట్నీ కావాలా కారప్పొడి కావాలా అని అడిగింది. నేను మాత్రం ఊరుకోలేక, వంద స్పీడులో ఉండగా బ్రేకు కొడితే ఎంత దూరంలో ఆగుతుందని అడిగాను. అతను నన్ను కిందికీ మీదికీ చూసి, చాలా తొందరగా ఆగుతుంది అంకుల్ అన్నాడు. నాకు చిరాకెత్తింది. తొందరగా అనేది కొలత కాదు. ఆ చిరాకు నాదే గాని, ఆ ప్రశ్న మాత్రం నాది కాదు. సత్తన్నది.

సత్తన్న అంటే సత్తిరెడ్డి. తూంకుంట వెనక రేకుల షెడ్డులో, ఊళ్ళో సగం మందికి తెలియకుండా, దేశంలో ఎక్కడెక్కడి వాళ్ళో వెతుక్కుంటూ వచ్చే కార్లు తయారు చేసేవాడు. మామూలు కారు వంద హార్స్‌పవర్‌తో బయటికి వస్తే, అతని చేతిలోంచి ఐదు వందలతోనో ఏడు వందలతోనో వెళ్ళేది. వాళ్ళ నాయినకు శామీర్‌పేట వైపు పొలముండేది. అన్నదమ్ములందరూ ఆ భూముల్ని ప్లాట్లు చేసుకుని, ఇటు రియలెస్టేటూ అటు రాజకీయమూ చూసుకుంటుంటే, ఇతనొక్కడే తన వాటాతో ఇంజన్లు కొన్నాడు. పోయి రెండేళ్ళయింది. మంచం మీద, నిద్రలో, గుండె ఆగి పోయాడు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు కాస్త నిరాశ పడతారు. కారు యాక్సిడెంట్ కాదా అని అడిగినవాళ్ళు నాకు తెలిసి పదిహేడు మంది. వాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

నేను అతణ్ణి మొదట చూసింది మేడ్చల్‌లో. అప్పట్లో నేను లారీల కాంటా మీద పనిచేసేవాణ్ణి. గౌడవెల్లి నుంచి రోజూ మోపెడ్ మీద వచ్చి, లారీ ఎక్కగానే బరువు చూసి చీటీ ఇవ్వడం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ లెక్కల మీద పిచ్చి మాత్రం పోలేదు. చిత్తు కాగితాల కొట్లో పాత ఇంటర్ పుస్తకాలు, డిప్లొమా పుస్తకాలు కొనుక్కుని, లారీకీ లారీకీ మధ్య కూర్చుని చేసుకునేవాణ్ణి. ఒక రోజు ఇసుక లారీల వరస మధ్యలోంచి బంపర్ లేని ఎర్ర కారు ఒకటి కాంటా ఎక్కింది. దించి మళ్ళీ ఎక్కించాడు. ముందు చక్రాలు మాత్రమే, తరువాత వెనక చక్రాలు మాత్రమే, తరువాత కుడివైపు రెండూ, తరువాత ఎడమవైపు రెండూ. పదకొండు సార్లు. వెనక లారీల వాళ్ళు హారన్లు కొడుతున్నారు, ఒకతను దిగొచ్చి నన్ను తిడుతున్నాడు. ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతుందో అతనికి కావాలట. మా కాంటా పది కిలోలకు తక్కువ చూపదు, అది పదహారు టన్నుల లారీకి పెట్టిన యంత్రం అని ఎంత చెప్పినా వినడు. చివరికి ఒళ్ళు మండి, చీటీ వెనక బొమ్మ గీసి ఇచ్చాను. గట్టి చెక్క ఒక కొస ఇటుక మీద, ఇంకో కొస ఇంట్లో మనుషులు తూగే చిన్న కాంటా మీద పెట్టి, చక్రాన్ని ఇటుక వైపు మూడో వంతు దగ్గర ఎక్కిస్తే, కాంటా చూపించిందానికి మూడింతలు అసలు బరువు. చెక్క బరువు తీసెయ్యడం మరిచిపోవద్దని కింద గీత గీసి మరీ రాశాను. దాంతో పీడ వదిలిందనుకున్నాను.

రెండు రోజుల తరువాత మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు లేకుండా.

"గీ లెక్క నీకు ఎవలు నేర్పిన్రు?"

"ఎవలు నేర్పలే అన్నా. నేనే సూసుకున్న."

"గందుకే నాకు సమజైంది," అని, వచ్చే సోమవారం నుంచి తన షెడ్డుకు రమ్మన్నాడు. ఆ సోమవారం నుంచి అతను పోయేదాకా, పద్నాలుగేళ్ళు.

అతనితో పని చేయడం ఎంత చికాకో, పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. అన్నీ చేతులతో చూపించేవాడు. ఆయిల్ ఎంత పొయ్యాలి అంటే గింత. బోల్టు ఎంత బిగించాలి అంటే ఇగ సాలు అనిపించేదాక. గింత అంటే ఎంతన్నా, వేలా, జానా, లీటరా అని నేను పుస్తకం పట్టుకుని వెనక తిరిగేవాణ్ణి. అతను బోనెట్ కిందినుంచి తల ఎత్తకుండా, రాస్కో మల్లేశం, గింత అని రాస్కో అనేవాడు. షెడ్డులో కారును రోలర్ల మీద కట్టేసి బలం కొలిచే డైనో అనే యంత్రం ఉండేది. దాని మీద కారును పరుగెత్తించినప్పుడు రేకులు వణికేవి, గోడ మీద బల్లులు కింద పడేవి. కొలత తెర మీద ఏడు వందలు దాటితే కారు తెచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకునేవాళ్ళు. సత్తన్న మాత్రం ఆ అంకె వైపు చూసేవాడు కాదు. చెవి ఒగ్గి ఇంజన్ వినేవాడు. ఆ అంకెను కాగితం మీద రాయడం, దాని నుంచి ఎంత దూరంలో ఎంత వేగం వస్తుందో కట్టడం నా పని. నా కాగితం నేను చదివి వినిపిస్తే, మంచిగున్నది అని మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఆ జేబులోంచి నా కాగితాలు ఏమయ్యేవో నాకు ఇప్పటికీ తెలియదు.

అతనికి ఒక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద మనిషి కారైనా సరే, ఆ పద్ధతి దాటకుండా తాళం ఇచ్చేవాడు కాదు. వాళ్ళ అన్నదమ్ముల వెంచర్ ఒకటి శామీర్‌పేట వైపు ఉంది. చుట్టూ ప్రహరీ, ముందు గేటు, మధ్యలో అరవై అడుగుల వెడల్పు తారు రోడ్డు. గేటు నుంచి చివర వాటర్ ట్యాంకు దాకా తొమ్మిది వందల యాభై మీటర్లు, గీత గీసినట్టు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయినా ఒక్కరూ ఇల్లు కట్టలేదు. కారు కొన్నతన్ని అక్కడికి తీసుకెళ్ళి, రోడ్డు మీద సున్నంతో గీత గీసి, గీత మీదికి వంద వేగంతో వచ్చి బ్రేకు కొట్టమనేవాడు. కారు ఆగాక దిగి, గీత దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచి కారు దాకా అడుగులు లెక్కపెడుతూ రమ్మనేవాడు. గట్టిగా, అందరికీ వినపడేలా. తరువాత నూట అరవైతో. మళ్ళీ నడక. నాకిది తలనొప్పిగా ఉండేది. దూరం నేను పది సెకన్లలో చెప్పగలను. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు, ఇందులో నడవాల్సింది ఏముంది? ఎండలో నిలబడలేక ఒకసారి ఆ మాట అన్నాను కూడా. నీ లెక్క చెవికి తెలుస్తది మల్లేశం, కాళ్ళకు తెల్వది అన్నాడు. కాళ్ళతోనే కదా తొక్కేది.

కౌకూర్ నుంచి ప్రభాకర్ గారని ఒకాయన వచ్చేవారు. కోస్తా వైపు మనిషి, పెద్ద ఉద్యోగం, కాలనీలో సొంత ఇల్లు. తన కారును ఆరు వందల యాభైకి పెంచమని ఏడాది తిరిగారు. తాళం తీసుకునే రోజున భార్యను కూడా తీసుకొచ్చారు, సరదాగా చూస్తుందని. సత్తన్న ఆయన్ని నడిపించాడు. వందతో ఆగిన దూరం యాభై ఎనిమిది అడుగులు. ప్రభాకర్ గారు నవ్వుతూనే లెక్కపెట్టారు. నూట అరవైకి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, మొహం ఎర్రబడింది. "ఏవండీ మల్లేశం గారూ, మీరైనా చెప్పండి, ఇదంతా అవసరమంటారా?" అని నన్ను అడిగారు. అవసరం లేదని నాకూ అనిపిస్తోంది గాని అనలేదు. ఆయన భార్య చెప్పులు చేతిలో పట్టుకుని ఆయన పక్కన నడవడం మొదలుపెట్టింది. ఎనభై దగ్గర ఆయన నోరు మూతపడితే ఆవిడ అందుకుంది. నూట నలభై తొమ్మిది అనేదాకా ఆవిడే గట్టిగా లెక్కపెట్టింది. కారు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి ఆ దూరం చూసి, భర్తతో మెల్లగా అంది: "మన వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఇంత ఉండదు కదండీ." ఆయన మొహం తుడుచుకున్నారు. కారు మాత్రం తీసుకెళ్ళారు. రెండు నెలల తరువాత వచ్చి, ఇంజన్ అలాగే ఉంచి ఇంకాస్త పెద్ద బ్రేకులు పెట్టమన్నారు. సత్తన్న నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ చూపు నాకు ఇంకా చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే అతను చెప్పింది నిజమైంది.

ఇంత చేసినవాడు తన కారు దగ్గరికి వచ్చేసరికి వేరే మనిషి. ఎక్కడో యాక్సిడెంట్‌లో పోయిన పాత జపాను కారు ఒకటి తెచ్చి, మూడేళ్ళు తన కోసం కట్టుకున్నాడు. తొమ్మిది వందల హార్స్‌పవర్. దాన్ని మెయిన్ రోడ్డు మీదికి ఏనాడూ తీసుకెళ్ళలేదు, అది నిజం. కానీ వెంచర్ రోడ్డు మీద వారానికో ఇరవై పెంచుకుంటూ పోయాడు. రెండు వందలు, రెండు వందల ఇరవై, రెండు వందల నలభై. ప్రతిసారీ బ్రేకు గీత ఎక్కడ గీయాలో నేను లెక్కగట్టాలి. మా ఇద్దరి ఒప్పందం ఒకటే. కారు ఆగిన చోటి నుంచి ట్యాంకు దాకా కనీసం వంద మీటర్లు ఖాళీ మిగలాలి. మిగలకపోతే ఆ రోజుకు పరుగు లేదు. వందే ఎందుకో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎనభై ఐదు మిగులుతుందని చెప్పిన రోజున తాళం నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళ కిందటి యాసంగి కోతలప్పుడు, వెంచర్‌లో ఇళ్ళు మొదలవుతున్నాయని, వచ్చే నెలలో ఆ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు వేస్తారని తెలిసింది. సత్తన్న పొద్దున వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

"రెండు నూర్ల యాబై అయితదా, మల్లేశం?"

అయ్యేలా ఉంటే చెప్పమన్నాడు, లేకపోతే వద్దన్నాడు. అంతకు మించి ఒత్తిడి చేయలేదు. ఈ సంగతి మాత్రం నేను స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తరువాత చాలామంది సత్తిరెడ్డి బలవంతం చేసి ఉంటాడన్నారు. ఆ వేగం అందుకోవడానికి ఐదు వందల యాభై మీటర్లు కావాలి. బ్రేకు పట్టాక ఆగడానికి రెండు వందల అరవై ఎనిమిది. గీత కంటికి కనపడటానికీ, కాలు బ్రేకు తొక్కడానికీ మధ్య మేము ఎప్పుడూ ఒక సెకను వేసేవాళ్ళం. ఆ వేగంలో ఒక సెకనుకు డెబ్బై మీటర్లు పోతాయి. అన్నీ తీసేస్తే మిగిలేది అరవై రెండు. వంద కాదు. అక్కడితో నేను వద్దని చెప్పి లేవాలి.

లేవలేదు. నేను ఎన్నడూ నలభై దాటించని మోపెడ్ మనిషిని. వేగం మీద నాకు మోజు లేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ కారు డైనో మీద ఉన్నప్పటి నుంచీ, ఎనిమిది నెలలుగా, రెండు వందల యాభై ఎక్కడ అందుకుంటుందో నా పుస్తకంలో కడుతూ ఉన్నాను. ఆ లెక్క నిజమా కాదా చూడాలని నాకుంది. ఎవరూ నేర్పకుండా చిత్తు కాగితాల కొట్టు పుస్తకాలతో కట్టిన లెక్క, తారు రోడ్డు మీద నేను చెప్పిన గీత దగ్గర నిజం కావడం చూడాలని ఉంది. వచ్చే నెల ఆ రోడ్డు ఉండదు. సత్తన్న కాలు చురుకైనది, అర సెకను చాలు అనుకున్నాను. ఐదు వందల యాభైకి బదులు ఐదు వందల నలభై ఐదు వేశాను. నూట రెండు మిగిలింది. అయితది అన్నా, అన్నాను. మంచిగున్నది అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరం రోడ్డు పొడవునా నడిచి చూశాం. రాయి లేదు, కుక్క లేదు. ఐదు వందల నలభై ఐదు దగ్గర నేనే సున్నం గీత గీశాను. తీరా కారు స్టార్ట్ చేస్తే పెట్రోల్ పంపు మొరాయించింది. అది సరిచేసేసరికి గంట దాటింది. మళ్ళీ నడవాల్సింది. నడవలేదు, ఎండ ఎక్కుతోందని. ఆ గంటలో ట్యాంకు వెనక ప్రహరీ సందులోంచి లచ్చవ్వ అనే ముసలామె తన వడ్లు తెచ్చి రోడ్డు చివర ఆరబోసింది. కోతలప్పుడు మా వైపు తారు రోడ్డు కనిపిస్తే ఎవరైనా చేసేది అదే. సత్తన్న వాళ్ళ ఇంట్లోనూ చిన్నప్పుడు అదే చేసేవాళ్ళు. ఎనభై మీటర్ల పొడవున పల్చగా పరిచి, తాను ట్యాంకు గోడ నీడలో బస్తా మీద కూర్చుంది. గేటు దగ్గర నుంచి చూసినా, గీత దగ్గర నుంచి చూసినా అది ఎండకు పాలిపోయిన తారులాగే ఉంది.

నేను గీత పక్కన వేగం కొలిచే పరికరం పట్టుకుని నిలబడ్డాను. కారు నన్ను దాటినప్పుడు గాలి నన్ను వెనక్కి నెట్టింది. చేతిలో పరికరం రెండు వందల యాభై ఒకటి చూపించింది. నా లెక్క నిజమైంది. ఆ ఆనందం ఎంతసేపుందంటే, బ్రేకు చప్పుడు వినపడాల్సినప్పుడు వినపడలేదని తెలిసేదాకా. కారు గీత దాటిన ఒక్క సెకనుకు వినిపించింది. తరువాత టైర్ల అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. వడ్ల మీద రబ్బరుకు పట్టు ఉండదు. కారు అడ్డం తిరిగి, వడ్లను రెండు వైపులా చిమ్ముకుంటూ, ట్యాంకు వైపు జారుకుంటూ పోయింది.

నాలుగు వందల మీటర్లు పరుగెత్తాను. చేరేసరికి దుమ్ము దిగుతోంది. లచ్చవ్వకూ కారు తలుపుకూ మధ్య ఐదడుగులు ఉంది. ఆమె కదల్లేదు. కదలాలని కూడా ఆమెకు తట్టలేదనుకుంటాను. సత్తన్న ఎడమ చెయ్యి పట్టుకుని దిగుతున్నాడు. ఆమె అతని వైపు చూసి, చాలా విసుగ్గా, చిన్నపిల్లాడితో అన్నట్టు అంది:

"ఏంది పటేలా, రోడ్డంత నీకే ఇడిశిపెట్టిన గద. గీ మూలకు గూడ రావాల్నా?"

సత్తన్న ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి మంచి చేత్తో వడ్లు దగ్గరికి లాగడం మొదలుపెట్టాడు. వాటిలో రబ్బరు ముక్కలు, అద్దం పెంకులు ఉన్నాయి. ఇవి పనికిరావు అవ్వా, నేను ఇంటికాడికెళ్ళి వేరేటివి పంపుత అని చెప్పాడు, పంపాడు కూడా. తరువాత నా వైపు తిరిగి, గీత దగ్గరికి పోయి నడుచుకుంటూ రమ్మన్నాడు. నాకు తెలుసన్నా, లెక్క తెలుసు అన్నాను. నడువు అన్నాడు.

నడిచాను. గట్టిగా లెక్కపెట్టాను, పన్నెండేళ్ళలో మొదటిసారి. నా కాగితం ప్రకారం కారు, నా నడకలో నాలుగు వందల పది అడుగుల దగ్గర ఆగిపోవాలి. అక్కడికి వచ్చేసరికి నల్లటి టైరు చారలు ఆగకుండా ముందుకు పోతున్నాయి. నాలుగు వందల ముప్పై తొమ్మిది దగ్గర వడ్లు మొదలయ్యాయి. మిగతా తొంభై ఒక్క అడుగులూ వాటి మీదే. కాలి కింద అవి జారుతుంటే లెక్క తప్పకుండా ఉండటం కష్టమైంది. ఐదు వందల ముప్పై అనేసరికి ముసలామె ముందు ఉన్నాను.

అప్పుడు చెప్పాను, ఒక సెకను బదులు అర సెకను వేశానని. ఒక సెకను వేస్తే అరవై రెండే మిగిలేదని. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. అతను చారల వైపు చూశాడు.

"నీకు సూడాలనిపించింది," అన్నాడు.

"అనిపించింది అన్నా."

"పన్నెండేండ్ల సంది, వీనికి ఒక్కసారన్న అనిపిస్తలేదేందిరా అనుకున్న. అనిపిస్తె గిట్ల అనిపియ్యాల్నా?" అని తల అడ్డంగా ఊపాడు. తరువాత, నా మొహం చూడకుండా అన్నాడు: "నా కాలు మీద నాకు నమ్మకం లేదు మల్లేశం. అది తొక్కుతనే ఉంటది. గందుకే నిన్ను తెచ్చుకున్న కాంటా మీదికెళ్ళి."

ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. నా కాగితాలు అతను చదవకుండా జేబులో వేసుకుంటాడని ఇన్నేళ్ళూ ఉడుక్కున్నాను. చదవాల్సిన అవసరం లేదనుకున్నాడని, నేను అయితది అంటే అవుతుంది, వద్దంటే వద్దు అనుకున్నాడని తట్టలేదు. అతనికి ఉన్న బ్రేకు నేను. ఆ రోజున నేను పట్టలేదు. మణికట్టు విరిగింది, కట్టు కట్టించుకున్నాడు. ఆ కారును మళ్ళీ నడపలేదు. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మర్నాడే ఇంకెవరిదో కారు తెచ్చి, ఎంతల ఆగుతది సూడు అని నా ముందు పెట్టాడు. అది నన్ను తిట్టడం కన్నా కష్టంగా ఉండింది.

షెడ్డు ఇప్పుడు లేదు. లెక్కల కోసం మాత్రం చుట్టుపక్కల వాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. బోరు మోటారుకు ఎంత పైపు, మెట్లకు ఎంత ఎత్తు, ఇలాంటివి. ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది. లెక్క మొదలుపెట్టేముందు, ఏ జవాబు రావాలని నాకు ఉందో కాగితం పైన రాసుకుంటాను. ఆ జవాబే వస్తే, నాకు ఇష్టంగా ఉన్న ప్రతి అంకెనూ కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. దీనివల్ల పని ఆలస్యమవుతుంది, వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. పోయిన నెల గౌడవెల్లిలో మా మేనబావ తన పాత స్లాబు మీద ఐదు వేల లీటర్ల ట్యాంకు పెట్టొచ్చా అని అడిగాడు. మంచి మనిషి, ఆడపిల్లలు నీళ్ళకు అవస్థ పడుతున్నారు. ఆగుతుంది అని రావాలి, అని పైన రాశాను. మొదటిసారి ఆగుతుందనే వచ్చింది. ఇనుము ఎంత వేశారో తెలియని చోట నేను మంచిగా ఊహించుకున్నానని చూసి, కొట్టేసి, మళ్ళీ చేశాను. ఆగదు అని వచ్చింది. చెప్పాను. ఇంట్లోవాణ్ణి కదా, ఒక్కసారి సర్దుకుని చూడరాదా అన్నాడు. సర్దను బావా అన్నాను. బావ అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ట్యాంకు మాత్రం నేల మీదే ఉంది.